మగ్దలేనా దించుకున్న చూపు

బ్రెంటా నది ఒడ్డున ఉన్న ఆ మఠం చర్చిలోకి చీకటి పడ్డాక ఎవరూ అడుగు పెట్టేవారు కాదు. పట్టపగలు అక్కడ కొవ్వొత్తులు వెలిగించి, వంగి వంగి దణ్ణాలు పెట్టే మనుషులే సాయంత్రం గంట మోగిందంటే చాలు, ఆ గోడ పక్కన నడవడం మానేసి, బురదైనా సరే, గట్టు చుట్టూ తిరిగి పోయేవారు.

ఎందుకంటే... లోపల మగ్దలేనా ఏడుస్తుంది.

మగ్దలేనా అంటే క్రైస్తవుల కథల్లో పాపం చేసి, పశ్చాత్తాపపడి, పునీతురాలైన మనిషి. పీఠం పైన ఆవిడ పటం నిలువెత్తున ఉండేది. మోకాళ్ళ దాకా జారిన జుట్టు, గుండెకి హత్తుకున్న చేతులు, చెంపల మీద కన్నీళ్ళు, కిందికి దించుకున్న చూపు. దారి తప్పారని పేరుపడ్డ ఆడవాళ్ళని ఆ మఠంలో ఉంచేవారు. వాళ్ళకి ఈ పటాన్నే చూపించి బుద్ధి చెప్పేవారు: "చూడండి, చేసిన పనికి ఎలా సిగ్గుపడుతోందో!"

రాత్రయితే ఆ పటం దగ్గర ఏడుపు వినిపించేది. పెద్దగా కాదు... నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు.

పటం వేసింది పేరున్న చిత్రకారుడు మాస్త్రో వెంతూరా. అది ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట. ఇప్పుడాయన కళ్ళకి పొర కమ్మేసింది. పనంతా కూతురు ఓర్సోలా చేతుల మీదే నడుస్తోంది. తను నెలల పిల్లగా ఉండగా తల్లి మహమ్మారికి పోయిందనీ, అందరితో పాటు సున్నపు గోతిలో వేశారనీ తండ్రి చెప్పాడు. రంగు నూరడం, కుంచె పట్టడం, పటంలోని మనసు చదవడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన మాట తప్పితే ఓర్సోలాకి ఇంకో మాట లేదు.

ఆ ఏడు జులైలో, మగ్దలేనా పండగ ముందు, మఠం పెద్దమ్మ ఓర్సోలాకి కబురంపింది. పటానికి మసి పట్టింది, శుభ్రం చెయ్యాలని.

"వెళ్ళకు," అన్నాడు వెంతూరా. "ఆ చోటు మంచిది కాదు."

ఓర్సోలా నవ్వేసింది. "దెయ్యమైనా నువ్వు గీసిందేగా నాన్నా. నన్నేం చేస్తుంది?"

ఆయన నవ్వలేదు.

పగలంతా ప్రార్థనలు, భక్తులు. పనికి రాత్రే దొరికింది. తాళాలు చూసే ముసలి బోర్తోలో దీపం చేతికిచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రావా బాబాయ్?"

"మోకాళ్ళ నొప్పులమ్మా."

"నొప్పులా, భయమా?"

"రెండూ ఉన్నాయి. తెల్లారి వచ్చి తలుపు తీస్తాను. మధ్యలో నువ్వు అరిస్తే మాత్రం రాను... ముందే చెబుతున్నా."

తలుపు మూసుకుంది.

ఓర్సోలా నిచ్చెనెక్కింది. పల్చటి బూడిదనీళ్ళలో తడిపిన రొట్టె ముద్దతో ముందు మొహం తుడిచింది. మసి వచ్చింది. మసితో పాటు — కన్నీళ్ళు కూడా వచ్చేశాయి!

చెయ్యి ఆగిపోయింది.

దీపం దగ్గరగా పట్టి చూసింది. తండ్రి నీటిచుక్క వేస్తే దాని కింద సన్నటి నీడ వేస్తాడు. వీటికి నీడ లేదు. ఎప్పుడో తర్వాత, హడావిడిగా అతికించిన కన్నీళ్ళివి. అవి పోయాక ఆ మొహంలో ఏడుపే లేదు. పెదవి చివర చిన్న నవ్వుంది. ఆ చూపు సిగ్గుతో దించుకున్నది కాదు... దేన్నో చూస్తోంది. మురిపెంగా, కళ్ళారా చూస్తోంది.

దేన్ని? అక్కడ జుట్టు తప్ప ఏమీ లేదే!

అప్పుడు వినిపించింది ఏడుపు.

పటంలోంచి కాదు. పీఠం పక్కన, మఠం ఆడవాళ్ళు ప్రార్థన వినడానికి గోడలో పెట్టిన ఇనప ఊచల కిటికీ ఉంది. దానికి నల్లటి తెర. ఆ తెర... కదిలింది.

"జుట్టు," అంది ఒక గొంతు, ఊపిరంత సన్నగా. "జుట్టు కూడా తుడువమ్మా..."

ఓర్సోలా నిచ్చెన దిగబోయింది. అయినా చెయ్యి మాత్రం తనంతట తానే పటం మీదికి వెళ్ళింది. కొవ్వొత్తుల వేడికి అక్కడ రంగు పొక్కి ఉంది. రొట్టె ముద్ద తగలగానే పెచ్చుగా ఊడింది. ఇంకో పెచ్చు... ఇంకోటి...

జుట్టు కింద గులాబీ రంగు మెరిసింది. గుండ్రటి చిన్న మడమ. దాని పైన ఐదు బుల్లి వేళ్ళు.

తెర వెనక ఊపిరి ఆగిన చప్పుడు.

"పాదం... కనబడిందా?"

"ఎవరు... ఎవరు నువ్వు?"

"ఆ పటంలో ఉన్నదాన్ని."

ఓర్సోలా దీపం తెర వైపు తిప్పింది. ఆ గొంతు వణకలేదు. ఎన్నాళ్ళుగానో కూడబెట్టుకున్న మాటల్లా మెల్లగా చెప్పుకుపోయింది.

"మరియతల్లి పటం వేస్తాను, నువ్వూ పిల్లా కూర్చోండన్నాడు. పాలిచ్చి, నిద్రపుచ్చి, ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. సగంలో ఉండగా బిషప్పు గారి దగ్గర పెద్ద పని ఉందని తెలిసింది. పెళ్ళి కాని ఆడదాన్ని ఇంట్లో పెట్టుకున్నవాడికి ఇవ్వరట. నెల రోజులు మఠంలో ఉండు, పని చేతికి రాగానే పెళ్ళి చేసుకుని తీసుకెళతానన్నాడు. నమ్మాను. పిల్లని ఆయన చేతుల్లో పెట్టి, నా కాళ్ళతో నేనే నడిచొచ్చాను..."

"తర్వాత?"

"పండక్కి ఈ పటం తెచ్చి తగిలించారు. తెర తీసి చూశాను. నా ఒళ్ళో పిల్ల లేదు. నా కళ్ళలో ఏడుపు ఉంది. అప్పుడు తెలిసింది, ఇంక రాడని."

"ఎవరికైనా చెప్పలేకపోయావా?"

"ఇక్కడున్నదాని మాట ఎవరు వింటారమ్మా? అందుకే రోజూ రాత్రి ఇలా వచ్చి కూర్చుంటాను. జుట్టు కింద అది ఉందని నాకు తెలుసుగా."

ఓర్సోలా నిచ్చెన దిగింది. మూడు అడుగుల దూరం. ఆ మూడు అడుగులూ నడవడానికి చాలాసేపు పట్టింది.

"ఆ పిల్ల పేరు?"

"ఓర్సోలా."

తెర పక్కకి జరిగింది. ఊచల మధ్య నుంచి నాలుగు వేళ్ళు బయటికొచ్చి, గాలిలో తడుముకుని, ఆమె చెంపని తాకాయి.

వెచ్చగా ఉన్నాయి.

పాదం మీద మళ్ళీ రంగు వెయ్యలేదు ఓర్సోలా. తెల్లవారేదాకా తుడుస్తూనే ఉంది. బోర్తోలో వచ్చి తలుపు తీసేసరికి మగ్దలేనా ఒడి నిండా పిల్ల ఉంది.

ఇంటికొచ్చేసరికి వెంతూరా కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. రాత్రంతా పడుకున్నట్టు లేదు.

"వచ్చావా తల్లీ?"

"అమ్మతో మాట్లాడి వస్తున్నాను నాన్నా."

అదిరిపడతాడనుకుంది. పోయినదానితో మాటలేమిటే, పిచ్చి పట్టిందా అని కేకలేస్తాడనుకుంది. అలా అరిచినా బాగుండునని ఒక్క క్షణం నిజంగా కోరుకుంది.

వెంతూరా కదల్లేదు. పక్క గదికి కూడా వినపడనంత మెల్లగా అడిగాడు —

"ఏమంది?"