రాంచ్ అనకూడని ఇల్లు

"ఈ రాంచ్ హౌస్‌లో బాయిలర్ ఎక్కడుందండీ?" అన్నాను. అంతే, తలుపు ధడేల్మని నా ముఖం మీదే మూసుకుంది.

"రాంచ్ కాదు, యుసోనియన్!" లోపల్నుంచి ఆడగొంతు. "ఆ మాట అనండి, తీస్తాను."

బయట మంచు కలిసిన వాన. విస్కాన్సిన్‌లో నవంబరు నెలలో పౌరుషం పనికిరాదు. "యుసోనియన్," అన్నాను బుద్ధిగా.

తలుపు తీసిన అమ్మాయి థియా బ్రెక్కె. నేను ఓరిన్‌ని, పైపులు బాగుచేస్తాను. అమెరికన్ అంటే రెండు ఖండాలవాళ్లూ వస్తారని, మా అమెరికా దేశానికి మాత్రమే చెందేలా 'యుసోనియన్' అనే మాట వాడి, ఆ పేరుతోనే సామాన్యులకు ఇళ్లు కట్టాడు ఒక పెద్ద ఆర్కిటెక్టు. చూపుకి మామూలు రాంచ్ హౌస్‌లా, అంటే పొడవాటి ఒంటి అంతస్తు ఇల్లులాగే ఉంటుంది; అటక లేదు, నేలమాళిగ లేదు. ఎర్ర సిమెంటు నేల కింద, ఇంటిని వెచ్చగా ఉంచే వేడినీళ్ల పైపులు. వాటిలోనే ఎక్కడో లీకు.

"నేలంతా తవ్వించడం నావల్ల కాదు," అంది థియా. "నానమ్మ ఇల్లు అమ్మేస్తూ రేపు సంతకం పెట్టేస్తా. కొన్నవాళ్లు కూల్చేస్తారట. నానమ్మ పోయి ఏడాదైనా కాలేదు..."

ఆమె గోడను అరచేత్తో నిమిరింది. ఎలాగైనా ఆ ఇంటిని నిలబెట్టాలనిపించింది నాకు. ఇంటి మీద ప్రేమ అనుకునేరు!

వేడిని పసిగట్టే కెమెరా తీశాను. బాయిలర్ ఆగి మూడు రోజులైంది కాబట్టి నేల చల్లబడి తెరంతా నీలం. ఆ నీలంలో, వంటింటి దగ్గర, ఎర్రగా ఒక చిన్న పాదం. పక్కనే ఇంకొకటి.

"మీరు వట్టి కాళ్లతో తిరిగారా?"

"ఈ చలిలోనా? నానమ్మ తిరిగేది. నేల వెచ్చగా ఉంటుందని ఇంట్లో ఎప్పుడూ చెప్పులు తొడగలేదు."

మేము చూస్తుండగానే మూడో అడుగు పడింది. నేను వెనక్కి గెంతాను.

"అమ్మో! ఈ రాంచ్ హౌస్‌లో..."

అడుగులు మాయమయ్యాయి.

"మళ్లీ అనేశారు!" థియా గుసగుసలాడింది. "ఆ మాటంటే ఆవిడకి ఒళ్లుమంట. క్షమాపణ చెప్పండి."

"తప్పయింది బామ్మగారూ. యుసోనియన్. లెంపలేసుకుంటున్నా, యుసోనియన్!"

అడుగులు మళ్లీ మొదలయ్యాయి, అలిగిన మనిషి నడిచినట్టు విసవిసా. ఫైర్‌ప్లేస్ ముందు ఆగాయి. అక్కడ నేలకు చెవి ఆనించాను. టప్... టప్...

పళ్లెమంత మేర పగలగొడితే సరిపోయింది. సాయంత్రానికల్లా అతుకు వేసేశాను.

"సంతకం పెట్టను," అంది థియా కళ్లు తుడుచుకుంటూ. "నానమ్మ ఇప్పుడెక్కడుంది?"

బాయిలర్ ఇంకా వెలిగించలేదు కాబట్టి, అడుగులు పడితే కెమెరాలో కనిపిస్తాయి. కెమెరా వైపు చూసీ చూడనట్టు చూసి అబద్ధమాడాను. "నా వెనకే ఉంది. ఒక్క అడుగు ముందుకు వెయ్యమంటోంది. పొద్దున తలుపు ముఖాన పడ్డప్పట్నుంచీ నాకూ అదే అనిపిస్తోంది."

థియా నవ్వుతూ కెమెరా లాక్కుని, నేల మీద చుట్టూ తిప్పింది. చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అబద్ధాలకోరు! నీ వెనక ఎవరూ లేరు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో! "మరి?"

"నా వెనక ఉంది."

అంటూనే, ఎవరో వీపు మీద చెయ్యివేసి నెట్టినట్టు, ఒక అడుగు ముందుకు వేసింది.