తాళం జేబులో, కారు రోడ్డు మీద

పగలు పదకొండు ఇరవై. కరోంగా బస్టాండు వెనక ఉన్న గెస్ట్‌హౌస్ ఆవరణలోంచి ఒక తెల్ల కారు మాయమైంది.

జపాన్‌లో ఓడెక్కి దార్ ఎస్ సలాంలో దిగిన కారు అది. అక్కణ్ణుంచి రెండు రోజులు రోడ్డు మీద వచ్చి, ఆ ఉదయమే సొంగ్వే సరిహద్దు దాటింది. మలావీ నేల మీద మూడు గంటలు కూడా నిలవలేదు.

పదకొండు నలభైకి ఇన్‌స్పెక్టర్ లుసుంగు గోండ్వే జీపు దిగింది. ఆవరణలో నలుగురున్నారు.

కారు కొన్నది వైసన్ కుమ్వెండ. కొండ మీది బడికి హెడ్‌మాస్టరు. ఆయన భార్య మంత్రసాని. అద్దె మోటార్‌సైకిల్ మీద మూడు ఊళ్ళు తిరుగుతూ, పోయిన వానల్లో పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. ఆమె కోసమే ఈ కారు. ఇంటికొచ్చేదాకా ఆగలేక ఆయన కరోంగాకే ఎదురొచ్చాడు. ఇన్సూరెన్స్ కాగితం తీసుకుని వచ్చేసరికి కారు లేదు. పది నిమిషాల తేడా. కారును ఆయన కళ్ళతో చూడనేలేదు.

పోర్టు నుంచి దాన్ని తోలుకొచ్చినవాడు లెవిసన్. సరిహద్దు దగ్గర అందులో ఎక్కినావిడ బియ్యం వ్యాపారి న్యాముంతలి. నాలుగో మనిషి గెస్ట్‌హౌస్ వంటమనిషి ఎనిఫా.

"తాళం ఏది?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

లెవిసన్ చొక్కా జేబులోంచి నల్లటి బిళ్ళ తీసి చూపించాడు. "జపాన్ నుంచి వచ్చింది ఇదొక్కటే మేడమ్. బటన్ నొక్కితే స్టార్టయ్యే బండి. ఈ బిళ్ళ లోపల లేకుండా స్టార్టవదు. నా జేబులోంచి ఇది కదల్లేదు."

"ఆ టైముకి ఎక్కడున్నావు?"

"ఇక్కడే. న్సిమా ముద్ద తింటున్నా."

"మధ్యలో ఒకసారి లేచాడు. గేటు దగ్గర పంపు కింద చెయ్యి కడుక్కోడానికి" అంది ఎనిఫా.

"నువ్వేం విన్నావు?"

"కార్లో ఆడగొంతు. మన భాష కాదు, స్వాహిలీ కాదు. పాఠం అప్పజెప్పినట్టు గడగడా ఏదో అంది. తర్వాత కీ కీ కీ అని మూడుసార్లు. వెంటనే బండి కదిలింది."

మాస్టారు న్యాముంతలి వైపు వేలు చూపించాడు. "ఈవిడే మేడమ్. ఇక్కడ ఇంకో ఆడమనిషి ఎవరున్నారు?"

"నేను లేనూ?" అంది ఎనిఫా.

"నువ్వు వంటింట్లో ఉన్నావు. ఈవిడ ఎక్కడుంది?"

"దొడ్డికెళ్ళాను" అంది న్యాముంతలి. "దానికి సాక్షిని వెంటబెట్టుకెళ్ళాలని తెలీదు మాస్టారూ. నా బియ్యం మూటలు ఇక్కడే ఉన్నాయి. వాటినొదిలి దొంగతనం చేస్తానా?"

"నువ్వు చెయ్యలేదు, చేయించావు. ఆ గొంతు నీదే. నేనూ విన్నా" అన్నాడు లెవిసన్.

పదకొండు యాభై. న్యాముంతలిని జీపెక్కించారు. బస్టాండులో జనం నిలబడి చూశారు. "దొంగది" అని ఎవరో అన్నారు. ఆమె తల దించలేదు.

లెవిసన్‌ని అక్కడే ఉండమని ఇన్‌స్పెక్టర్ ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టింది.

పన్నెండుంబావు. స్టేషన్‌లో మాస్టారు ఒక కుర్చీలో కుదురుగా లేడు. కిటికీ, గుమ్మం, మళ్ళీ కిటికీ.

"చిటిపా ఊరు దాటిందంటే రెండు దేశాల సరిహద్దులు మేడమ్. ఏ దేశంలో వెతుకుతాం?"

"కూర్చోండి. కారు గుర్తులు చెప్పండి."

"చెప్పడమెందుకు, చూడండి." ఆయన ఫోన్ తీశాడు. కొనకముందు జపాన్ డీలర్ పంపిన వీడియో. టోపీ పెట్టుకున్న ఒకతను కారెక్కి బటన్ నొక్కాడు. ఇంజను మోగింది. మరుక్షణం ఒక ఆడగొంతు గడగడా ఏదో చెప్పింది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ లాక్కున్నంత పని చేసింది. "ఎవరీమె?"

"మనిషి కాదు మేడమ్, కారే. అక్కడ టోల్‌గేటుకి ఏదో కార్డు పెట్టాలట. పెట్టలేదని స్టార్ట్ చేసినప్పుడల్లా..."

మాస్టారు బెంచీ మీద కూర్చున్న న్యాముంతలి వైపు చూడలేక నేల చూపులు చూశాడు.

వీడియో సాగుతోంది. టోపీ అతను ఇంజను ఆపకుండానే దిగి తలుపు వేశాడు. కీ కీ కీ. చేతిలో నల్లబిళ్ళ ఊపుకుంటూ ముందుకొచ్చాడు. ఇంజను తిరుగుతూనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని మూడుసార్లు చూసింది. లేచి నిలబడింది.

"ట్యాంకులో పెట్రోలెంత ఉంటుంది?"

"డ్రైవర్‌కి తెలియాలి" అన్నాడు మాస్టారు.

"నాకు తెలుసు" అంది న్యాముంతలి. "సొంగ్వేలో పైపు పెట్టి తోడి అమ్ముకున్నాడు. కారు దిగేటప్పటికే ఎర్రదీపం వెలుగుతోంది. నన్నడిగితే అక్కడే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ అందుకుంది. ఊళ్ళో ఉన్న పెట్రోలు బంకులన్నిటికీ ఒకటే ప్రశ్న. ఇంజను ఆపమంటే ఆపనన్న తెల్ల కారు వచ్చిందా?

మూడో బంకు చిటిపా రోడ్డులో ఉంది. "వచ్చాడు మేడమ్. పదకొండు ముప్ఫై అయిదుకి. ఆపితేనే పోస్తామన్నాం. తిట్టుకుంటూ పోయాడు."

ఒంటిగంట అయిదు నిమిషాలకి, ఇరవై రెండో కిలోమీటరు దగ్గర ఎత్తులో కారు దొరికింది. పెట్రోలు అయిపోయింది. లోపల ఒకడు చెమటలు కారుతూ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. లెవిసన్ బావమరిది.

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి తిరిగొచ్చి, "నువ్వెళ్ళొచ్చమ్మా" అంది.

న్యాముంతలి బెంచీ మీంచి లేవలేదు.

"ఎక్కడ ఎక్కించారో అక్కడే దింపండి. అక్కడ ఎవరెవరు చూశారో వాళ్ళందరి ముందూ చెప్పండి. రేపు ఆ బజార్లో బియ్యం అమ్ముకోవాల్సింది నేను."

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుంది.

రెండు గంటలు. గెస్ట్‌హౌస్ ఆవరణ. గేటు బయట జనం.

"తాళం నా దగ్గరే ఉంది కదా మేడమ్" అన్నాడు లెవిసన్, ఆమె అడక్కముందే.

"అందుకే దొరికావు. తాళం ఒక్కటే. అది లోపల ఉంటేనే స్టార్టవుతుంది. మరి పదకొండు ఇరవైకి స్టార్ట్ చేసిందెవరు? చెయ్యి కడుక్కుంటానని లేచి, కార్లో కూర్చుని బటన్ నొక్కావు. అప్పుడు మాట్లాడింది కారు. న్యాముంతలి కాదు. నువ్వు దిగి బావమరిదిని ఎక్కించావు. తాళం బయటికి పోయిందని కారు మూడుసార్లు అరిచింది. అయినా ఇంజను ఆగదు. కానీ ఒకసారి ఆపితే తాళం లేకుండా మళ్ళీ స్టార్టవదు. అందుకే నీ బావమరిది బంకులో ఆపలేదు."

లెవిసన్ జేబు తడుముకున్నాడు. "సాయంత్రం బస్సులో వెళ్ళి తాళం ఇద్దామనుకున్నా..."

"పెట్రోలు అమ్ముకోకపోతే ఇచ్చేవాడివే."

చేతికి బేడీలు పడ్డాయి. జనం పక్కకు తప్పుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ గేటు దగ్గరికెళ్ళి, న్యాముంతలి పేరు పెట్టి, ఆమె దొంగ కాదనీ, తను పొరపాటున పట్టుకెళ్ళిందనీ చెప్పింది. ఆ మాటలు చెప్పడం ఆమెకు తేలిగ్గా లేదు.

మాస్టారు న్యాముంతలి ముందుకొచ్చాడు. "తప్పయిపోయిందమ్మా."

"నాతో కాదు. వాళ్ళతో చెప్పండి."

ఆయన జనం వైపు తిరిగాడు. ఏదో గొణిగాడు.

"వినబడ్డం లేదు మాస్టారూ" అన్నారు వెనకనుంచి ఎవరో.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈసారి బస్టాండు చివరిదాకా వినబడింది.

న్యాముంతలి గోడ నీడలో ఉన్న మూటల దగ్గరికి నడిచింది. జనంలోంచి ఒకావిడ వెనకే వెళ్ళి, మూట మూతి విప్పి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలింది.

"కొత్తవా, పాతవా?"

"పాతవే" అంది న్యాముంతలి. "కూర్చో, కొలుస్తాను."