వాడేవారి సంతకం

"వారంటీ కార్డు వెనక నాలుగో నిబంధన చదివారా మీరు?"

నేను ఆమెతో మాట్లాడిన మొదటి మాట ఇదే. ఇంతకంటే మంచి మాటలు నాకు వచ్చు. ఆ రోజు రాలేదు.

సర్వీసు సెంటర్ కౌంటరు అవతల ఆమె నీలం ఏప్రన్ కట్టుకుని, నేనిచ్చిన మడత కత్తిని దీపం కింద తిప్పి చూస్తోంది. బయట వాన. నా చొక్కా నుంచి కారిన నీళ్ళు కౌంటరు ముందు చిన్న చెరువు కట్టాయి.

"లేదు. ఇక్కడ చేరి రెండేళ్ళయింది. అది చదివినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా," అంది తలెత్తకుండా. "ఏముంది అందులో?"

"వారంటీ కొన్నవారికి మాత్రమే వర్తించును, అని."

"కొన్నది మీరేగా. బిల్లు మీద మీ పేరే ఉంది."

"కొన్నది నేనే. వాడేది మా నాన్న."

ఆమె కత్తిని కింద పెట్టింది. అప్పుడు మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. ఆమె ముక్కు మీద చిన్న గ్రీజు మరక ఉంది.

"నేనేమీ అడగలేదు కదా. మీరెందుకు చెప్తున్నారు?"

"అడిగాక చెబితే దాచినట్టు ఉంటుంది కదండీ."

ఆమె పెదవులు గట్టిగా బిగించింది. కోపమనుకున్నాను. నవ్వు ఆపుకోవడమని తర్వాత తెలిసింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేను. కరెంటు ఆఫీసు నోటీసు నుంచి మందుసీసా మీది చీమ అక్షరాల దాకా ఏది వచ్చినా నా చేతికే వస్తుంది. అన్నీ చదవడం అలవాటైపోయింది. ఎక్కడ చదవాలో నేర్పారు గానీ ఎక్కడ ఊరుకోవాలో ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

నాన్న నర్సరీలో మొక్కలకు అంటు కడతాడు. నా మొదటి జీతంతో ఆయనకు ఈ కత్తి కొనిచ్చాను. ఆరునెలలకే దాని లాకు జారడం మొదలుపెట్టింది. గట్టిగా నొక్కితే బ్లేడు వెనక్కి మడుచుకుని వేళ్ళ మీద పడుతోంది. కొడుకు కొనిచ్చిందని నాన్న ఆ మాట ఎవరికీ చెప్పలేదు. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, ముల్లు గీసుకుందన్నాడు.

"ఏ ముల్లండీ, స్కేలు పెట్టి గీసినట్టు గీసింది?" అని అమ్మ అడిగితే గానీ బయటపడలేదు.

వానలు మొదలయ్యాయి. అంటు కట్టే పని ముమ్మరంగా ఉండే రోజులు. వారంటీ ఇంకా పదిహేను రోజులే ఉంది.

ఇదంతా కౌంటరు దగ్గర చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"లాకు పట్టీ వంగింది. కొత్తది తెప్పించాలి," అంది. "రిపేరు చేసేది కూడా నేనే, కాబట్టి ఎవరినో తిట్టుకోకండి. మూడు రోజుల తర్వాత ఫోన్ చెయ్యండి, రూల్సు గారూ."

మూడు రోజుల తర్వాత నేను ఫోన్ చెయ్యలేదు. వెళ్ళాను.

"పార్టు రాలేదు. ఫోన్ చేస్తే సరిపోయేదిగా?"

"ఎంగేజ్‌లో ఉంది."

"చేశారా?"

"... లేదు."

"మరి ఎంగేజ్‌లో ఉందని ఎలా తెలిసింది?"

"ఉంటుందేమోనని వచ్చాను."

ఆమె స్క్రూడ్రైవరు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నాకు చెవులు కాలిపోయాయి. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ మర్నాడు కూడా.

వెళ్ళినప్పుడల్లా ఒక కారణం కావాలి. అబద్ధం నా నోట్లో నిలవదు. కాబట్టి, "పార్టు వచ్చిందా?" అని అడగడం, "లేదు" అనిపించుకోవడం, ఆ తర్వాత పదినిమిషాలు కిటికీలో ఉన్న ఆమె గులాబీ కుండీ గురించి మాట్లాడటం. ఇదే రోజూ కార్యక్రమం.

"ఏడాదైంది, ఒక్క పువ్వు లేదు. ఆకులు మాత్రం అడవిలా పెరుగుతాయి," అంది ఒకరోజు.

"నీళ్ళు ఎక్కువవుతున్నాయేమో."

"దానికి కార్డు లేదు, ఉంటే మీరు చదివి చెప్పేవారు."

బస్‌స్టాపుకు నడిచి వెళ్తూ ఆ మాటను పదిసార్లు తలుచుకుని, తడిసిన రోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఎదురొచ్చిన పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు.

ఎనిమిదోసారి వెళ్ళేసరికి పార్టు వచ్చి ఉంది. సంతోషించాల్సిన వార్త. నా మొహం మాత్రం పరీక్ష తప్పినవాడిదిలా అయిపోయింది.

ఆమె ఒక ఫారం ముందుకు జరిపింది. "మీ నాలుగో నిబంధన గురించి ఆలోచించాను. ఇది గిఫ్టు కదా. వారంటీని మీ నాన్నగారి పేరుకు మార్చేద్దాం. ఇక్కడ సంతకం పెట్టండి."

మూడుసార్లు చదివాను. తప్పు ఎక్కడా లేదు. నా మాటకు విలువిచ్చి ఇంత పద్ధతిగా చేసిందని పొంగిపోయి సంతకం పెట్టేశాను.

"రేపు సాయంత్రానికి రెడీ అవుతుంది. తీసుకోవడానికి ఆయనే రావాలి. వాడేవారి సంతకం కావాలి."

"మరి నేను?"

"మీకూ కత్తికీ ఇంక ఏ సంబంధమూ లేదు," అని ఫారాన్ని ఫైల్లో పెట్టేసింది.

బస్సు ఎక్కి కూర్చున్నాక బుర్రకెక్కింది. ఆ కౌంటరు దగ్గరికి వెళ్ళడానికి నాకున్న ఒకే ఒక్క దారిని నేనే మూసి, పైన సంతకం కూడా పెట్టి వచ్చాను. ఎనిమిది సార్లు వెళ్ళి లాకు గురించీ, పట్టీ గురించీ, ఎరువు గురించీ మాట్లాడాను. చెప్పాల్సిన ముక్క ఒక్కటీ చెప్పలేదు.

మర్నాడు నాన్న బయల్దేరుతుంటే గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వెందుకురా?"

"ఫారం ఉంటుంది నాన్నా. చదవాలి."

"నిన్ననే చదివి సంతకం పెట్టొచ్చానన్నావుగా?"

"ఇంకోటి ఉంటుందేమో."

నాన్న నా దువ్విన తల వంక చూశాడు. ఇస్త్రీ చొక్కా వంక చూశాడు. "సరే పద," అని, ఎందుకో పెరట్లోకి వెళ్ళి వచ్చాడు.

సర్వీసు సెంటర్లో ఆమె లేచి నిలబడి నాన్నకు కుర్చీ వేసింది. నాకు వెయ్యలేదు. నాన్న కత్తి తెరిచి, బ్లేడు వీపును బల్లకు ఆనించి గట్టిగా నొక్కాడు. లాకు కదల్లేదు. తెరిచాడు, మూశాడు, చెవి దగ్గర పెట్టుకుని టక్కుమన్న చప్పుడు విన్నాడు.

"చేసిందెవరమ్మా?"

"నేనే సార్."

"పనితనం ఉంది నీ చేతిలో." ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. ఆ తర్వాత కిటికీ వైపు చూశాడు. "ఇదేనా ఆ గులాబీ?"

ఆమె నా వైపు చూసింది. నేను సీలింగ్ ఫ్యాను వైపు చూశాను.

"మావాడు ఇంటికొచ్చి కత్తి సంగతి ఒక్క ముక్క చెప్పాడు. నీ గులాబీ సంగతి వారం రోజులు చెప్పాడు," అన్నాడు నాన్న.

జేబులోంచి తడిగుడ్డలో చుట్టిన ఒక పుల్ల తీశాడు. "అంటు ఎప్పుడో చచ్చిపోయిందమ్మా. ఇది కింద నుంచి లేచిన అడవి కొమ్మ. ఎన్నాళ్ళు నీళ్ళు పోసినా పుయ్యదు. మా పెరటి గులాబీ కన్ను ఒకటి పెడతాను."

బాగైన కత్తితో కాండం మీద చిన్న గాటు పెట్టాడు. పుల్ల మీద మొలకెత్తే ఆ కన్నును చిగురుటాకంత పలచగా తీసి అందులో దూర్చి, టేపు చుట్టసాగాడు. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది. నేను ఆమెను చూస్తున్నాను.

"సార్, ఒక నిజం చెప్పాలి," అంది ఆమె ఉన్నట్టుండి. "ఆ ఫారం అవసరమే లేదు. మీ అబ్బాయికే కత్తి ఇచ్చెయ్యొచ్చు."

"మరెందుకు సంతకం పెట్టించారు?" అన్నాను నేను.

"మీరు ఇంకో పదేళ్ళు పార్టు వచ్చిందా అనే అడుగుతారు. అందుకని మీ ఇంట్లో మాట్లాడే మనిషి ఎవరైనా ఉన్నారేమో చూద్దామని."

నాన్న తల వంచుకుని టేపు చుడుతూనే ఉన్నాడు. మీసం కింద నవ్వు కదిలింది.

ఆమె కుండీ మీదికి వంగింది. గొంతు తగ్గింది. "ఇది బతుకుతుందని గ్యారంటీ ఉందా, మామయ్యగారూ?"

అప్పటిదాకా సార్ అన్న మనిషి. నాన్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"మా పనిలో కార్డులుండవమ్మా. మనిషే వస్తాడు," అని నా వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "మూడు వారాలు టేపు విప్పకూడదు. అప్పటిదాకా వీడొచ్చి చూసిపోతుంటాడు."

కత్తి మడిచి జేబులో వేసుకుని, మా ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క గొడుగు తీసుకున్నాడు. "నువ్వు వాన తగ్గాక రా," అని వెళ్ళిపోయాడు.

కౌంటరుకు అటు ఆమె, ఇటు నేను.

"ఎన్నాళ్ళకోసారి వస్తారు చూడటానికి?"

"రోజూ."

"ఏ నిబంధన ప్రకారం?"

"నిబంధన లేదు. కత్తి లేకపోయినా, గులాబీ పుయ్యకపోయినా వస్తాను. మీరంటే నాకు ఇష్టం."

"అమ్మయ్య," అని ఆమె స్టూలు మీద కూలబడింది. "ఈ ఒక్క ముక్కకు ఎనిమిది ట్రిప్పులు."

"తొమ్మిది."

"కూర్చోండి, రూల్సు గారూ." కుర్చీ నా వైపు తోసింది.

కూర్చున్నాను. ఆమె భుజం మీదుగా కిటికీ కనిపిస్తోంది. బయట వాన తగ్గిపోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఉన్న విషయాన్ని దాచడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆమె కూడా చెప్పలేదు.