పట్టీ విప్పిన కానుగ

నాలుగో చెట్టు దగ్గర స్వరూప బొటనవేలు అద్దింది. తురాయి చెట్టుకు కట్టిన, దాని ప్రాణాన్ని కొలిచే నాడిపట్టీలో ఎర్రదీపం ఆరిపోయింది. వెనకే వచ్చిన కోతబండి చేతులు చాచింది. ఆమె ఆగి చూడలేదు. ఇరవై రెండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసేది.

పద్నాలుగో వార్డు జాబితాలో ఇంకా ఏడు మిగిలాయి. జీవసూచిక నలభై కంటే తగ్గిన చెట్టుకు, నగరంలోని చెట్ల లెక్క చూసే యంత్రం వనమతి మూడు వారాలు నీటివాటా ఆపి చూస్తుంది. కోలుకోకపోతే విరమణ, అంటే కోత, రాస్తుంది. నీళ్లు ఆపితే ఏ చెట్టు కోలుకుంటుందని స్వరూప ఒకప్పుడు పై అధికారిని అడిగింది. ఆయన బదిలీ అయి వెళ్లిపోయాడు. చట్టప్రకారం మనిషి వేలిముద్ర పడనిదే యంత్రం చెట్టును ముట్టదు. ఆ వేలు ఆమెది.

ఐదోది బస్టాపు పక్కనున్న కానుగ. దాని కింద ఒక ఇస్త్రీబండి. చేతిపరికరంలో సూచిక ముప్పై ఒకటి. కానీ కొమ్మల చివర లేత చిగురు మెరుస్తోంది. వాటా సున్నా అని ఉంది, వేరుమట్టి మాత్రం తడిగా ఉంది.

"నీళ్లెవరు పోస్తున్నరు?" అంది స్వరూప.

ఇస్త్రీ చేస్తున్న సాంబయ్య పెట్టె పక్కన పెట్టాడు. డెబ్బై దాటిన మనిషి. పెదవులు పగిలి ఉన్నాయి.

"నేనే మేడమ్. నాకిచ్చే తాగేనీళ్లల్ల సగం. తప్పయితే రాస్కోండ్రి."

"ఈ ఎండల సగం నీళ్లతోని ఎట్లుంటున్నవు పెద్దాయనా?"

"ఈ నీడ లేకుంటె నేనే లేను. బస్సు కోసం నిలబడెటోళ్లు గూడ ఈడికే వస్తరు. చిగురేసిందని మీ మిషిన్‌కు చెప్పుండ్రి."

స్వరూప ఆ మాట వనమతికి చెప్పింది.

"అనధికార తేమ. పరిగణనలోకి రాదు. ముద్ర వేయండి," అంది చేతిపరికరంలోంచి వనమతి.

ఆమె బొటనవేలు పట్టీ దాకా వెళ్లింది. కానీ అద్దలేదు. తర్వాత సంచిలోంచి తాళంచెవి తీసి, పట్టీని విప్పేసింది.

తెర మీద కానుగ గుర్తు మాయమైంది. పట్టీ లేనిది కోతబండికి చెట్టు కాదు. అది చాచిన చేతులు ముడుచుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయింది.

"ఇగ దీనికి ఎన్నడూ వాటా రాదు," అంది స్వరూప. "మనమే పోసుకోవాలె."

"మనమా?" అన్నాడు సాంబయ్య.

ఆమె తలూపింది. అంతలో పరికరం మోగింది: "పద్నాలుగో వార్డు లెక్కలో ఒక చెట్టు తేడా. లెక్క తేలేదాకా కోతలన్నీ నిలిపివేత. సిబ్బంది స్వయంగా వార్డు మొత్తం లెక్కించాలి."

ఆ వార్డుకు సిబ్బంది ఆమె ఒక్కతే. స్వరూప బస్టాపు బల్ల మీద తీరిగ్గా కూర్చుని చెప్పులు విడిచింది.

"ఎన్ని దినాలు పడుతది మేడమ్?"

"వానకాలం దాంక పడుతది," అందామె మోకాళ్లు నొక్కుకుంటూ. "నాకు నడుసుడు చాతనైతలేదు."