ఒకటో నంబరు ముఖం

మధ్యాహ్నం ఒకటీ యాభైకి లైట్‌మన్ పెట్టిన కేకకి షూటింగ్ ఫ్లోర్ అంతా ఉలిక్కిపడింది.

సెట్టు గోడ వెనక, సిమెంటు నేల మీద ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. పక్కన పగిలిన కళ్లద్దాలు. నడుముకి స్టీలు కొలత టేపు. తల కింద రక్తం అప్పటికే గడ్డ కడుతోంది.

యూనిట్‌లో అందరూ ఆయన్ని టేప్ బాబాయ్ అంటారు. వయసు యాభై తొమ్మిది. ఫోకస్ పుల్లర్. అంటే, నటులు అడుగు ముందుకేసినా వెనక్కేసినా వాళ్ల ముఖం మసకబారకుండా లెన్స్ తిప్పే మనిషి. ముప్పై నాలుగేళ్లుగా అదే పని. ఎంత దూరమో కంటితో చూసి చెప్పేసి, తర్వాత టేపు పెట్టి కొలిచి, చూశారా అన్నట్టు నవ్వేవాడట.

రెండూ ముప్పై ఐదుకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

తలెత్తి పైకి చూశాడు. ముప్పై అడుగుల ఎత్తున, లైట్లు బిగించడానికి కట్టిన ఇనుప వంతెన. క్యాట్‌వాక్ అంటారు. దాని మీద ఒకచోట పెద్ద లైటు కోసం రెయిలింగ్ విప్పేశారు. సరిగ్గా దాని కిందే శవం ఉంది.

"ఇందులో కనిపెట్టడానికేముంది సార్," అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్. చేతిలో రెండు ఫోన్లు. రెండూ మోగుతున్నాయి. "ఇవాళ్టి నుంచి కొత్త కెమెరా. ముఖాన్ని అదే గుర్తుపడుతుంది, ఫోకస్ అదే చేసుకుంటుంది. స్టిల్ ఫొటోగ్రాఫర్‌ని పోయిన సినిమాకే మాన్పించాం. ఇప్పుడు ఫొటోలు కూడా వీడియోలోంచే తీసేసుకుంటున్నాం. బాబాయ్‌కీ ఇక పని లేదని నిన్నే చెప్పేశాం. మనసు విరిగి ఉంటుంది. ఎక్కి దూకేశాడు, పాపం."

ఆ 'పాపం' కూడా ఫోన్ ఎత్తే తొందరలోనే అనేశాడు మహానుభావుడు.

"దూకడం ఎవరైనా చూశారా?"

"లేదు సార్. ఒంటిగంట నుంచి ఒకటీ నలభై ఐదు దాకా లంచ్ బ్రేక్. ఫ్లోర్ ఖాళీ."

"పని లేదని చెప్పాక ఇవాళ ఎందుకొచ్చాడు?"

"ఒక్కరోజు చూసి పోతానన్నాడు. సరే అన్నాం."

మూడూ పదికి బాబాయ్ కూతురు వచ్చింది. స్కూల్లో లెక్కల టీచర్. పాఠం మధ్యలో లేచి వచ్చినట్టుంది, చేతివేళ్లకి ఇంకా సుద్దపొడి అంటుకుని ఉంది. తల్లి ఎప్పుడో పోయింది. ఇంట్లో ఉండేది తండ్రీ కూతుళ్లిద్దరే.

శవాన్ని చూసి ఏడవలేదు. నేరుగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"పొద్దున నాన్నతో పోట్లాడాను సార్. 'పని లేదు పొమ్మన్న చోటికి మళ్లీ ఎందుకు? ఆ మిషన్ నీకంటే బాగా చేస్తుందంటున్నారుగా. ఇంట్లో కూర్చోలేవా?' అన్నాను. ఏమీ తినకుండా వెళ్లిపోయాడు." వేళ్లకున్న సుద్దపొడి తుడుచుకుంది. "వీళ్లంతా దూకాడంటున్నారు. నా మాటకేనా సార్?"

ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్టర్‌ని ఇలాంటివి చాలామంది అడిగారు. 'అదేం లేదమ్మా' అనేయడం చాలా తేలిక. కానీ తెలియకుండా అలా అంటే, ఈ పిల్ల జీవితాంతం నమ్మీ నమ్మక బతుకుతుంది.

"సాయంత్రం దాకా టైమివ్వమ్మా," అన్నాడు.

మొదట లైట్‌మన్‌ని పిలిచాడు.

"లంచ్‌లో ఎక్కడున్నావ్?"

"భోజనాల షెడ్‌లో సార్. అందరం అక్కడే."

"అందరూనా?"

"బాబాయ్ రాలేదు. కెమెరా ఇంజనీర్ సారూ రాలేదు. ఆయనెప్పుడూ రాడులెండి. వ్యాన్‌లో ఒక్కడే తింటాడు."

"బాబాయ్ పొద్దున దిగులుగా ఉన్నాడా?"

"దిగులా?" లైట్‌మన్ కళ్లు తుడుచుకున్నాడు. "పొద్దున మూడు టేకులు పోయాయి సార్. కొత్త కెమెరా హీరోయిన్ని వదిలేసి, వెనక్కెక్కడికో ఫోకస్ మార్చేసింది. డైరెక్టర్ గారు ఇంజనీర్‌ని అందరి ముందూ ఉతికి ఆరేశారు. సాయంత్రానికి బాగవకపోతే కెమెరా, నువ్వూ కలిసి వెళ్లిపోండన్నారు. మేం నవ్వాం కూడా. బాబాయ్ మాత్రం నవ్వలేదు. మేమంతా మానిటర్ చూస్తుంటే ఆయన వెనక్కి చూశాడు. తర్వాత టేపు తీసి వెనకాల నేల కొలిచాడు. అక్కడ యాక్టర్లెవరూ లేరు కదా బాబాయ్ అంటే, నాకూ తెలుసులేరా అన్నాడు. చచ్చిపోదామనుకునేవాడు నేల కొలుచుకుంటూ కూర్చుంటాడా సార్?"

ఆ మాట ఇన్‌స్పెక్టర్‌కి నచ్చింది.

తర్వాత ఇంజనీర్. ముప్పై నాలుగేళ్లుంటాయి. కెమెరాని అద్దెకిచ్చిన కంపెనీ మనిషి. మాసిన గడ్డం, నిద్ర లేని కళ్లు.

"లంచ్ టైమ్‌లో?"

"వ్యాన్‌లో ఉన్నాను. లాప్‌టాప్ చూసుకుంటూ."

"నీతో ఎవరున్నారు?"

"నాతో ఎవరుంటారు సార్?"

తప్పించుకోవడానికి అన్నట్టు లేదది. రోజూ తనలో తను అనుకునే మాట పైకి వచ్చినట్టుంది.

"మరి కెమెరా?"

"వేడెక్కకుండా ఎంతసేపు నడుస్తుందో చూద్దామని రికార్డింగ్‌లోనే వదిలేశాను. ఎదురుగా ఒక బొమ్మ తల పెట్టాను, ఫోకస్ కోసం."

"ఆ రికార్డింగ్ ఏది?"

"ఖాళీ సెట్టే కదా సార్. కార్డులో చోటు కోసం చెరిపేశాను."

"ఎన్నింటికి?"

"ఒకటీ నలభైకి."

శవం బయటపడడానికి పది నిమిషాల ముందు. ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు.

నాలుగూ ఇరవైకి డేటా అమ్మాయి దగ్గర కూర్చున్నాడు. కెమెరాలో తీసిందంతా హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించే పని ఆమెది.

"క్లిప్ పోయింది సార్. లాగ్ ఉంది," అంది.

"తెలుగులో చెప్పమ్మా."

ఆమె నవ్వాపుకుంది. "ఫోకస్ ఎంత దూరంలో ఉందో, ఎవరి ముఖం మీదుందో కెమెరా సెకను సెకనుకీ వేరే ఫైల్‌లో రాస్తుంది. అది నేరుగా నా లాప్‌టాప్‌కి వచ్చేస్తుంది. వీడియో లేదు, ఉత్త అంకెలు."

అంకెలు కిందికి జరిగాయి. ఒంటిగంట నుంచి ఫోకస్ బొమ్మ తల మీదే ఉంది. 2.1 మీటర్లు. ఇరవై నాలుగు నిమిషాల పాటు మార్పు లేదు.

1:24:40. ఒక్కసారిగా 13.6 మీటర్లు. తర్వాత పన్నెండు. పదకొండు. తొమ్మిది. మొత్తం పదకొండు సెకన్లు. మళ్లీ 2.1.

ఆ పదకొండు సెకన్ల పక్కన 'ముఖం 1' అని ఉంది.

"ఒకటో ముఖం ఎవరిది?"

"హీరోయిన్ గారిది. ఇదిగో, ముఖాల జాబితా కాగితం మీద ఆవిడ పేరే మొదటుంది. కానీ ఆ టైమ్‌లో ఆవిడ క్యారవాన్‌లో మేకప్ వాళ్లతో ఉన్నారు సార్. కెమెరా పొరబడింది. పొద్దున్నుంచీ దాని వరస అంతే కదా."

"కెమెరాలో పేర్లుండవా?"

"పేర్లూ ఉండవు, ఫొటోలూ ఉండవు. ముఖాన్ని కొలతలుగా మార్చుకుని ఒక నంబరిస్తుంది. ముందు నంబరు కనిపిస్తే తర్వాతి నంబర్లని వదిలేస్తుంది."

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. "పొద్దున హీరోయిన్ బాగా వచ్చిన టేకు ఒకటి చూపించు."

ఆమె చూపించింది. అప్పటిదాకా ఎవరూ చూడని గడి అది. బొమ్మ బాగుంటే అంకెలెవరు చూస్తారు?

'ముఖం 2.'

డేటా అమ్మాయి కాగితం మళ్లీ చూసుకుంది. "అయితే ఒకటెవరు సార్?"

ఇన్‌స్పెక్టర్ లేచాడు. కానిస్టేబుల్ చేత కెమెరా దగ్గర్నుంచి టేపు పట్టించాడు. పదమూడు మీటర్ల అరవై సెంటీమీటర్ల దగ్గర టేపు చివర క్యాట్‌వాక్ మెట్లకి తగిలింది. ఎక్కేటప్పుడు మనిషి వీపే కెమెరా వైపుంటుంది. దిగేటప్పుడు ముఖం ఉంటుంది.

కాసేపు ఆ మెట్ల మీదే కూర్చున్నాడు. రెండేళ్ల క్రితం, భార్య పోయాక, ఇంటి తలుపుకి కెమెరా పెట్టించాడు. 'ఇంట్లోవాళ్ల ముఖాలు చేర్చండి' అని అడిగిందది. ఐదు గడులు. తన ముఖం ఒకటి చేర్చాడు. ఇంకెవరిది చేరుస్తాడు? మిగతా నాలుగూ ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. ఒంటరిగా కూర్చున్నవాడు ఇలాంటి మిషన్‌కి ముందుగా ఎవరి ముఖం ఇస్తాడో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

సాయంత్రం ఐదున్నరకి అందర్నీ ఫ్లోర్ మీదికి పిలిపించాడు. కెమెరా ముందు కుర్చీలో హీరోయిన్ని కూర్చోబెట్టాడు. మిగతావాళ్లని పక్కకి నిలబెట్టాడు. ఎదురుగా పెద్ద మానిటర్. అందులో హీరోయిన్ ముఖం కనురెప్పలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

"లైట్‌మన్, ఆవిడ వెనకాల నడువు."

నడిచాడు. వెనక మసగ్గా ఒక ఆకారం కదిలింది. హీరోయిన్ ముఖం చెక్కుచెదరలేదు.

"మేనేజర్ గారూ, మీరు."

"నేనా? నాకేంటి సార్ సంబంధం?" అని గొణుక్కుంటూనే నడిచాడు. ఏమీ మారలేదు.

"ఇంజనీర్ గారూ."

అతను కదల్లేదు. కానిస్టేబుల్ భుజం తట్టాడు. రెండడుగులు వేశాడు.

మానిటర్‌లో హీరోయిన్ ముఖం కరిగి మసకబారిపోయింది. వెనకాల, ఎంతో దూరాన, మాసిన గడ్డం ఒక్కొక్క వెంట్రుకతో సహా కనిపించింది. అతను కుడికి జరిగితే ఫోకస్ కుడికి వెళ్లింది. తల దించుకుంటే ఆగి, మళ్లీ ఎత్తగానే పట్టుకుంది.

అందరి తలలూ మానిటర్ నుంచి ఇంజనీర్ వైపు తిరిగాయి.

"కెమెరా చెడిపోలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పొద్దున్నుంచీ అది ఒకటో నంబరు ముఖాన్నే వెతుక్కుంటోంది. మీరు వెనకాల నడిచినప్పుడల్లా హీరోయిన్ని వదిలేసింది. బాబాయ్ టేపుతో కొలిచింది మీరు నిలబడ్డ చోట్లనే. ఒకటీ ఇరవై నాలుగుకి మీరు మెట్లు దిగడం కూడా ఇది చూసింది. రికార్డింగ్ చెరిపేశారు. అంకెల్లో ముఖం కనిపించదు కదా అని లాగ్‌ని వదిలేశారు. ఒకటో నంబరు హీరోయిన్ అని మీరూ అనుకున్నారు, అవునా?"

ఇంజనీర్ కెమెరా వైపే చూస్తున్నాడు.

"మూడు నెలలు సార్," అన్నాడు చివరికి. "టెస్ట్ రూమ్‌లో నేనూ, అదీ. దానికి గుర్తుపట్టడం నేర్పాలంటే ఒక ముఖం కావాలి. నాదే ఇచ్చాను. ఆ సంగతే మర్చిపోయాను." తలెత్తి పైన వంతెన వైపు చూశాడు. "మానిటర్‌కి సిగ్నల్ అందే యాంటెన్నా బిగిద్దామని పైకెక్కాను. ఆయన నా వెనకే వచ్చాడు. 'నీ కెమెరా రోగం నాకు తెలిసిపోయిందోయ్' అని నవ్వాడు. పొద్దున అందరూ నవ్వారు. చివరికి ఈయన కూడానా అనిపించింది. భుజం మీద చెయ్యేశాడు. విదిలించాను. అక్కడ రెయిలింగ్ లేదు."

"దిగాక దగ్గరికి వెళ్లావా?"

తల అడ్డంగా ఊపాడు.

"ప్రాణం ఉందేమోనని కూడా చూడలేదా?"

మళ్లీ అడ్డంగా ఊపాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండిపోయింది. "నలుగురిలో చెప్తే నీ పరువు పోతుందని అంత ఎత్తు ఎక్కి వచ్చాడయ్యా ఆ మనిషి! ఆ వయసులో, అన్ని మెట్లు! నీ తప్పు నీ ఒక్కడికే చెవిలో చెబుదామని!"

ఇంజనీర్ ఉన్నచోటే కూలబడ్డాడు. మేనేజర్ ఫోన్లు రెండూ జేబులో పెట్టేసుకున్నాడు. మోగుతున్నా తీయలేదు.

బాబాయ్ కూతురు జనంలోంచి ముందుకొచ్చింది. ఇంజనీర్ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. కొడుతుందేమోనని కానిస్టేబుల్ అడుగు ముందుకేశాడు. ఇన్‌స్పెక్టర్ వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

"ఇంకేమన్నాడు?" అని అడిగింది. "నవ్వాక, ఇంకేమైనా అన్నాడా?"

ఇంజనీర్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "'సాయంత్రం కూర్చుని సరిచేద్దాం' అన్నాడు. 'రేపు మా అమ్మాయిని తీసుకొస్తా. నన్ను ఇంట్లో కూర్చోమంటోంది. ఇంట్లో ఎందుకు, ఇద్దరం ఇక్కడే కుర్చీలేసుకుని కూర్చుని చూస్తాం' అన్నాడు. నాకప్పుడు ఏదీ చెవికెక్కలేదమ్మా."

"రేపు అన్నాడా?"

"రేపే అన్నాడు."

ఆమె లేచి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"రేపు ఆదివారం సార్," అంది. "నాకు సెలవని గుర్తుంది నాన్నకి."

అప్పుడు ఏడ్చింది. చుట్టూ అంతమంది ఉన్నారని కూడా చూసుకోకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంజనీర్‌ని జీపెక్కించారు. యూనిట్ వాళ్లు ఒక్కొక్కరే తలలు దించుకుని బయటికి నడిచారు. ఎవరో లైట్లు ఆర్పబోతే ఇన్‌స్పెక్టర్ ఆపాడు. రెండు కుర్చీలు లాగి, ఒకదాంట్లో ఆమెని కూర్చోబెట్టి, రెండోదాంట్లో తను కూర్చున్నాడు. ఎంతసేపైనా ఏడవనీ అనుకున్నాడు. ఇంటి దగ్గర ఇద్దరి కోసమూ ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు.