నలభై ఒకటో స్టేషన్

బోజ్‌కోల్ సరస్సు గట్టు గురువారం మధ్యాహ్నానికి తెగిపోతుందని చెప్పిన ప్రోగ్రామ్, అవే అంకెలతో రెండోసారి నడిపితే ఈ ఏడాది అసలు తెగనే తెగదని చెప్పింది.

బెర్మెత్ చేతిలోని టీ గిన్నె గాల్లోనే ఆగిపోయింది.

మూడోసారి నడిపింది. గురువారం. నాలుగోసారి, తెగదు. ఐదోసారీ తెగదు. ఆరోసారి మళ్ళీ గురువారం.

ఆ రోజు మంగళవారం. గడియారంలో తొమ్మిదీ పది.

సరస్సు కింది పచ్చికలో అరవై రెండు గుడారాలున్నాయి. వేసవి మేతకి గుర్రాలనీ గొర్రెలనీ తోలుకుని కొండెక్కిన కుటుంబాలవి. వాళ్ళని కిందికి దించాలా వద్దా అన్నది, బిష్కెక్‌లోని ఈ చిన్న గదిలోంచి వెళ్ళే ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

తలుపు తోసుకుని రహత్ ఎజె వచ్చింది. హిమనదుల కేంద్రానికి ఆవిడే పెద్ద, అందరూ ‘ఎజె’, అంటే అక్కా, అని పిలుస్తారు.

“ఏం తల్లీ, రిపోర్టేదీ?”

“కాలేదు ఎజె. ప్రోగ్రామ్ రెండు మాటలు చెప్తోంది.”

“మా ఆయనా అంతే. పాతికేళ్ళుగా వేగుతున్నా. కానీ నాలుగింటికి అత్యవసర శాఖవాళ్ళు ఫోన్ చేస్తారు. దించాలి, లేదా వద్దు. ‘బహుశా’ అన్న మాట మాత్రం నాకు వినపడకూడదు.”

“జూన్‌లో జరిగింది నాకు గుర్తుంది ఎజె.”

“నాకూ గుర్తుంది. అందుకే చెప్తున్నా. ఈసారి కూడా ఊరికే దించామనుకో, మూడోసారి పిలిస్తే ఎవరూ దిగరు. దించకపోతే మన లెక్క తప్పయిందనుకో, దిగడానికి ఎవరూ ఉండరు.”

ఆవిడ వెళ్ళిపోయింది. ఓదార్చడం ఆవిడకి రాదు. రాదని ఆవిడకీ తెలుసు.

జూన్‌లో ఇదే ప్రోగ్రామ్ గట్టు తెగుతుందంది. వానలో, బురదలో, లారీల్లో కుటుంబాలన్నిటినీ కిందికి తెచ్చారు. సరస్సు చెక్కుచెదరలేదు. వారం తర్వాత కల్యిచ అప అనే ముసలావిడ దగ్గర్నుంచి కేంద్రానికి ఒక పొట్లం వచ్చింది. అందులో ఒకే ఒక్క కురుత్ ఉండ. ఎండబెట్టిన పెరుగుండ, గులకరాయంత గట్టిది. దాంతోపాటు ఒక చీటీ: ‘మళ్ళీ మమ్మల్ని పిలిచే ముందు ఇది కరిగేదాకా చప్పరించండి. అప్పటికీ పిలవాలనిపిస్తే పిలవండి.’

బెర్మెత్ సొరుగు లాగింది. ఆ ఉండ తీసి బుగ్గన పెట్టుకుంది.

“సరే,” అనుకుంది. “నువ్వు ముందు కరుగుతావో, నేను ముందు కనిపెడతానో చూద్దాం.”

పదింటికి గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

“బెర్మెత్ అంటే ఎవరండీ?”

ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగింది. ఆ గొంతు ఆమెకి తెలుసు. మే నెల నుంచి రోజూ పొద్దున ఏడూ నలభై అయిదుకి రేడియోలో వినిపించే గొంతు. బోజ్‌కోల్ చుట్టూ ఉన్న కొలతల స్టేషన్లలో పరికరాలు చూసుకునే కుబాత్‌ది. ఆ గొంతు బట్టి ఆమె ఒక మనిషిని ఊహించుకుంది. యాభై ఏళ్ళు, బొజ్జ, మీసం. అందుకే పెద్దన్నలని పిలిచినట్టు ‘బాయికె’ అనేది.

గుమ్మంలో ఉన్నవాడికి ఈ మూడూ లేవు. సన్నగా, పొడుగ్గా, ఎండకి కమిలిన ముక్కుతో, మోకాళ్ళదాకా బురద బూట్లతో, భుజం మీద ఖాళీ బ్యాటరీల పెట్టెతో ఉన్నాడు.

“మీరు... కుబాత్ బాయికె?”

“ఆ ‘బాయికె’ని రేడియోలో రోజూ భరిస్తున్నాను. ఎదురుగా కూడానా? నాకు ఇరవై తొమ్మిదండీ!”

“మీ గొంతుకి యాభై.”

“మీ గొంతు విని నేను కళ్ళద్దాలుంటాయనుకున్నాను. రోజూ నా అంకెల్లో తప్పులు పట్టే మనిషికి కళ్ళద్దాలు లేకపోవడమేమిటి!”

బెర్మెత్‌కి నవ్వొచ్చింది. బుగ్గనున్న కురుత్ దాన్ని ఆపింది.

“ఇవాళ ఏడూ నలభై అయిదుకి రేడియో మోగలేదు,” అంది. తను అంత నిష్ఠూరంగా ఎందుకన్నదో ఆమెకే అర్థం కాలేదు.

“కొత్త బ్యాటరీలకోసం ఆరింటికే బయల్దేరాను. డ్యూటీలో ఉన్నాయనకి అంకె చెప్పే వచ్చాను. ఏం, లోటయిందా?”

“టీ చల్లారిపోయింది. అంతే.”

సంగతి విని కుబాత్ పెట్టె కింద పెట్టాడు. మొహంలో నవ్వు పోయింది.

“గట్టు తెగడమేంటి? నిన్న సాయంత్రం దాని మీద కూర్చుని రొట్టె తిన్నాను. నీళ్ళు రెండు నిలువుల కింద ఉన్నాయి.”

“గట్టు లోపల మంచు కరుగుతోందో లేదో కూర్చున్నవాళ్ళకి తెలుస్తుందా?”

“కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకి తెలిసిందా? జూన్‌లో ఆ సామానంతా మోసింది నేనండీ. మీ ప్రోగ్రామ్ మోయలేదు.”

ఆ మాట గుచ్చుకుంది. కానీ బెర్మెత్ కుర్చీ వెనక్కి జరపలేదు.

“అందుకే ఇవాళ దీని అంతు చూడకుండా లేవను. ఉంటే మాట్లాడకుండా ఉండండి. లేదా బ్యాటరీలు తీసుకుని వెళ్ళండి.”

అతను ఉన్నాడు. మాట్లాడకుండా మాత్రం ఉండలేకపోయాడు.

ముందుగా ఆమె ప్రోగ్రామ్‌లో ఒక కొత్త వరస రాసింది. లెక్కలో ఏ దశలో ఏ అంకె ఉందో స్క్రీన్ మీద చూపించమని. పదిసార్లు నడిపింది. పదిసార్లూ ‘తెగదు’. ఆ వరస తీసేసింది. వెంటనే గురువారం తిరిగొచ్చింది.

“అంటే మనం చూస్తే బుద్ధిగా ఉంటుంది, చూడకపోతే దొంగపని చేస్తుంది,” అన్నాడు కుబాత్. “మా కుక్క కూడా ఇంతే.”

“మెమరీలో అంకెలు వరసగా గదుల్లో ఉంటాయి. నేను కొత్త వరస రాస్తే గదులు అటూ ఇటూ జరుగుతాయి, తప్పు దాక్కుంటుంది. ఏదో అంకె తన గది దాటి పక్కగదిలో దూరుతోంది. అదీ ప్రతిసారీ కాదు. ఎనిమిది ప్రాసెసర్లు పని పంచుకుని పరిగెడతాయి కదా, ఏది ముందొస్తే ఆ ఫలితం.”

“మార్ష్రుత్కా బండిలో సీట్లయిపోయాక ఎక్కినవాడు ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టు.”

బెర్మెత్ అతనివైపు తిరిగింది. మొదటిసారి సరిగ్గా చూసింది. “అవును. కూర్చున్నది డ్రైవరు ఒళ్ళో.”

గది దాటిన ప్రతి అంకెనీ పట్టుకునే తనిఖీ ఒకటుంది. అది పెడితే ప్రోగ్రామ్ నత్తలా నడుస్తుంది. పెట్టింది. రెండు గంటలు పట్టింది. తప్పేమీ లేదంది. ముప్ఫై ఏళ్ళనాటి పాత భాగాల్లో ఏ వరసకి ఎన్ని గదులో ఆ తనిఖీకి తెలియదు మరి.

ఒంటిగంటయింది. బయట వాన మొదలైంది. కుబాత్ పరుగున వెళ్ళి మాంసం కూరిన వేడి సమ్సాలు తెచ్చాడు. తన నెత్తిమీద చొక్కా కప్పుకోవాల్సినవాడు సమ్సాల మీద కప్పి తెచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారి బల్ల మీద పడుతున్నాయి.

“కొండమీద కూడా పడుతోందా?” అందామె కిటికీ వైపు చూస్తూ.

“పడుతుంటుంది. తినండి.”

“నోట్లో కురుత్ ఉంది.”

“పొద్దుట్నుంచీ అదేనా! మనిషేనా మీరు?”

“జూన్‌లో దిగినవాళ్ళు పంపింది. కరిగేదాకా ఉమ్మను.”

ఆ తర్వాత అతను స్క్రీన్ వైపు తక్కువగా, ఆమె వైపు ఎక్కువగా చూశాడు. అది ఆమెకి తెలుసు. తెలిసినట్టు కనిపించడానికి తీరిక లేదు.

ఈసారి ఆమె ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. నడుస్తుండగానే బయటినుంచి ఆపి, మెమరీ మొత్తం ఒక ఫైల్‌లోకి తీసింది. ‘తెగదు’ అన్న పరుగుదొకటి, ‘గురువారం’ అన్న పరుగుదొకటి. రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చింది. లక్షల అంకెలు ఒకేలా ఉన్నాయి. ఒక్క చోట తప్ప.

“దొరికావు!” బెర్మెత్ బల్ల మీద గుద్దింది. “గట్టు ఎత్తు! ఉండాల్సింది ముప్ఫై ఎనిమిది మీటర్లు. గురువారం అన్న పరుగులో దాని గదిలో ఇంకేదో కూర్చుంది. నాలుగు పాయింట్ రెండు.”

కుబాత్ నమలడం ఆపేశాడు.

“ఎంత?”

“నాలుగు పాయింట్ రెండు. గట్టు నాలుగు మీటర్లే అనుకుంటే సరస్సు పొర్లి రెండ్రోజుల్లో దాన్ని కోసెయ్యదూ మరి!”

సమ్సా పక్కన పెట్టి అతను లేచాడు. “ఇప్పుడే వస్తా,” అని బయటికి నడిచాడు. కిటికీ అద్దంలోంచి కనిపించాడు. మెట్ల మీద, వానలో, తలవంచుకుని.

బెర్మెత్ గట్టు ఎత్తు ఉన్న గదికి కాపలా పెట్టింది. అసలు ఎత్తు నిండాక దాన్ని ఎవరు తాకినా సరే, ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోవాలి. మొదటి పరుగు. ఏమీ లేదు. రెండోది, ఏమీ లేదు.

తలుపు తెరుచుకుంది. కుబాత్ నిలువునా తడిసి ఉన్నాడు.

“ఆ నాలుగు పాయింట్ రెండు ఎవరిదో నాకు తెలుసు. నాదే. పొద్దున ఆరింటికి నేనే చదివాను. నలభై ఒకటో స్టేషన్.”

బెర్మెత్‌కి ఆ నంబరు తెలుసు. ఆ స్టేషన్‌ని మేలో జాబితాలో చేర్చింది తనే. అయినా స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు.

“అనుకుంటే చాలదు. చేత్తో పట్టుకోవాలి. కూర్చోండి.”

మూడో పరుగు. ఏమీ లేదు. నాలుగో పరుగులో ప్రోగ్రామ్ టక్కున ఆగింది. స్టేషన్ల రీడింగులు నింపే వరస దగ్గర. నింపుతున్నది నలభై ఒకటో రీడింగ్.

ఆమె ఫోన్ అందుకుంది. ఈ ప్రోగ్రామ్‌ని మొదట రాసిన తుర్దుబెక్ అగాయ్, అంటే తుర్దుబెక్ మాస్టారు, ఇప్పుడు ఊళ్ళో తేనెటీగలు పెంచుకుంటున్నాడు.

“అగాయ్, స్టేషన్ రీడింగులకి ఎన్ని గదులు పెట్టారు?”

“నలభై.”

“ఎందుకు నలభై?”

“ఎందుకేమిటమ్మాయ్! అప్పుడున్నవి పదిహేడు. పోనీ ఎప్పటికీ చాలేట్టు ఉండాలని నలభై పెట్టా. మన తెగలు నలభై. జెండా మీద కిరణాలు నలభై. చంటిపిల్లప్పుడు నీకు నలభై చెంచాల నీళ్ళతో స్నానం చేయించలేదూ? నలభై దాటి లెక్కపెట్టే అవసరం ఎవరికొస్తుంది?”

“వచ్చింది అగాయ్. నలభై ఒకటయింది.”

కాసేపు ఫోన్‌లో తేనెటీగలే వినిపించాయి.

“ఎవడే ఆ అత్యాశపరుడు?” అన్నాడు ముసలాయన.

బెర్మెత్ కుబాత్ వైపు చూసింది. అతను బూట్ల వైపు చూసుకున్నాడు.

నలభైని నాలుగు వందలు చేసింది. అదీ దాటితే గట్టిగా అరిచి ఆగిపొమ్మని ఒక వరస రాసింది. ఇరవైసార్లు నడిపింది. ఇరవైసార్లూ ‘తెగదు’. అంతటితో వదల్లేదు. పాత ప్రోగ్రామ్‌లోంచి నలభై ఒకటో స్టేషన్ తీసేసి మరో ఇరవైసార్లు నడిపింది. తెగదు. జూన్ నెల అంకెలు తెచ్చి కొత్తదాంట్లో పోసింది. జూన్‌లోనూ తెగేది కాదు.

మూడూ నలభై. నాలుకతో బుగ్గని తడుముకుంది. కురుత్ లేదు.

“దించొద్దు ఎజె.”

రహత్ ఎజె కళ్ళజోడు మీంచి చూసింది. “బహుశానా?”

“కాదు. ఖాయంగా. ఆగస్టు చివర మళ్ళీ చూడాలి. గురువారం మాత్రం కాదు. జూన్‌ది కూడా మన తప్పే.”

నాలుగింటికి ఫోన్ మోగింది. రహత్ ఎజె ఒక్క మాటే చెప్పి పెట్టేసింది. తర్వాత ఒక కాగితం బల్ల మీదికి తోసింది.

“ఘటన పత్రం. కారణం గడిలో కంప్యూటర్ భాష రాయకు. మనుషులకి అర్థమయ్యేలా రాయి.” వెళ్తూ వెళ్తూ కుబాత్ తడి బూట్ల వైపూ, ఆ సమ్సా పొట్లం వైపూ, ఆఖర్న బెర్మెత్ మొహం వైపూ చూసింది. “తలుపు వేసుకు పోతాలే.”

బెర్మెత్ మ్యాప్ తెరిచింది.

“నలభై ఒకటో స్టేషన్ ఏటి మీద ఉందని, దాని అంకె రోజూ రేడియోలోనే చెప్పాలని రాయించారు. మ్యాప్‌లో మీరుండే గది వెనకాల పడుతోంది. అక్కడ ఏరుందా?”

“లేదు.”

“ఏముంది?”

“ఊట.”

“అయితే ఇన్నాళ్ళూ నేను రాసుకున్నదేమిటి?”

“నేను టీకి పట్టుకునే నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, అది.”

వాన తగ్గింది.

“అరవై రెండు కుటుంబాలు,” అన్నాడతను మెల్లగా. “జూన్‌లో వాళ్ళ మూటలు మోస్తూ మిమ్మల్ని తిట్టుకున్నాను. తిట్లు నావి, తప్పూ నాదే. రేపు కల్యిచ అప దగ్గరికి వెళ్ళి నేనే చెప్తాను. ఆవిడ కర్రతో కొడితే కొట్టించుకుంటాను. ఆ స్టేషన్ తీసెయ్యండి.”

“తీసెయ్యను.”

“ఎందుకు?”

“ఇప్పుడు నాలుగు వందల గదులున్నాయి. పైగా ఏడూ నలభై అయిదుకి అలవాటు పడ్డాను, టీ రుచి మారితే నాకు పడదు.” బెర్మెత్ పెన్ను తీసింది. “కారణం గడి మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. లేని స్టేషన్ ఎందుకు పుట్టిందో దోషి సొంత మాటల్లో కావాలి. రోజూ రీడింగ్ చెప్పినట్టే చెప్పు, కుబాత్. రాసుకుంటాను.”

‘చెప్పండి, బాయికె’ కాదు. ‘చెప్పు, కుబాత్’. అతను తలెత్తాడు. కమిలిన ముక్కు ఇంకాస్త ఎర్రబడింది. గొంతు సవరించుకుని, రేడియో ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

“రాసుకో. మే అయిదు. ఉదయం ఏడూ నలభై అయిదు. ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. జాబితా సరిచూసుకోడానికి కేంద్రం నుంచి ఒకమ్మాయి రేడియోలో పిలిచింది. నా స్టేషన్లన్నీ వాటి అంకెలు అవే పంపుకుంటాయి. ఎవరితోనూ మాట్లాడే పని నాకు లేదు. రెండేళ్ళుగా లేదు. ఆ అమ్మాయి ఒక్కో పేరూ చదివింది, ఒక్కోదానికీ నేను సరేనన్నాను. ఆఖరి పేరు కూడా అయిపోయింది. అప్పుడు, ‘మీ వైపు ఇంకేమైనా స్టేషన్ మిగిలిపోయిందా?’ అనడిగింది. లేదంటే రేడియో ఆగిపోతుంది. అందుకని, ఉంది అన్నాను.”