మిర్చి గోదాములో ధ్రువపు మంచు

"సాంసన్, ఇదే ఆఖరి మిషన్."

చీఫ్ ఈ మాట ఎన్నోసారి అన్నాడో సాంసన్ లెక్కపెట్టడం మానేశాడు. మోకాళ్లు నొస్తున్నాయి. చీఫ్ కూర్చోమనకముందే కూర్చున్నాడు.

"ధ్రువప్రాంతం నుంచి తవ్వి తెచ్చిన మంచు కడ్డీ ఇదొక్కటే మిగిలింది. కింది పొరల్లో అగ్నిపర్వతాల బూడిద, అది ప్రకృతి పని. పై జానెడులో బొగ్గు మసి, అది మనిషి పని. రేపు సదస్సులో రెండూ చూపించాలి. విదేశీ ముఠా ఆ జానెడు కోసేస్తే, ధ్రువాలు వేడెక్కిన నేరమంతా ప్రకృతి మీదికి పోతుంది."

"ఎక్కడుంది సార్?"

"తొర్రూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో, డీప్ ఫ్రీజర్లో. మన ఏజెంట్ శైలజ నెల నుంచి అక్కడే కూలీ వేషంలో కాపలా ఉంది. తీసుకురా."

సాంసన్ హమాలీ వేషంలో, తలకు రుమాలు చుట్టుకుని వెళ్లాడు. పాత చీరలోనూ శైలజ సినిమా తారలాగే ఉంది. అయినా అతనికి హుషారు రాలేదు.

"మాల్ ఎట్లుందక్కా?"

"ఘాటుందన్నా. సల్లగ దాసినం."

కోడ్ సరిపోయింది. చిరిగిన బస్తాలోంచి ఫ్రీజర్ మీద పడ్డ మిరపకాయలను శైలజ గుప్పిళ్లతో తీసేసి మూత తెరిచింది. కడ్డీ ఒక చివర నల్లగా ఉంది. సాంసన్ తండ్రి భూపాలపల్లిలో బొగ్గు తవ్వి ఇల్లు నడిపినవాడు. ఆ నలుపు చూస్తే సాంసన్‌కు సిగ్గుగానూ బెంగగానూ అనిపించింది.

శైలజ అదే చేత్తో కన్ను తుడుచుకుంది. "అబ్బా!"

సాంసన్ ఆగిపోయాడు. అతని తల్లి మిరప కూలీకి పోయేది. ఒక్కరోజు మిర్చి పట్టినవాళ్లు కూడా ఆ చేతిని కంటి దగ్గరికి పోనివ్వరు.

"నెల దినాలు గీడ పనిచేసినవా? అబద్ధం. గా ముఠాల కలిసినవా శైలజా?"

ఆమె కొప్పులోంచి లిప్‌స్టిక్ తీసి మీట నొక్కింది. బుల్లి రంపం గిర్రున తిరిగింది.

"జర జరుగన్నా. ఏడనో మంచు కరిగితే నీకేంది?"

మంటకు కళ్లు మూసుకుపోయినా, తడుముకుంటూ రంపాన్ని కడ్డీ మీదికి దించింది. సాంసన్ ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. నల్ల పొరకు వేలెడు దూరంలో రంపం ఆగింది.

"జర పెరుగు తెప్పియ్యన్నా, మంట!" అని ఏడ్చింది శైలజ. తెప్పించాడు, బేడీలు వేశాకే.

ఫోన్లో చీఫ్ పొంగిపోయాడు. "శభాష్! కడ్డీకి ఫ్రీజర్ ఉన్న డీజిల్ బండి పంపిస్తున్నా."

"పొగ తక్కువొచ్చేది పంపున్రి సార్," అన్నాడు సాంసన్ అలసటగా. "గీ కడ్డీల ఉన్న మసే మస్తు."